నర్సు జేబులోని మందుల పుస్తకము

వైద్యశాలలో మందు రోగి శరీరమున ప్రవేశించుటకు ముందు దానిని కట్టకడపట చూచునది నర్సు. రోగమును నిర్ణయించి మందు వ్రాయువారు డాక్టరు. దానిని తీసి యిచ్చువారు ఔషధశాల ఉద్యోగులు. వీరిలో ఎవరు పొరబడినను, ఆ పొరపాటును పట్టుకొనుటకు ఒక్క అవకాశము మిగిలియుండును. సూదిమందు ఎక్కించుటకు ముందు నర్సు ఒక్క నిమిషము ఆగి, "ఈ మోతాదు ఈ బిడ్డకు తగునా?" అని తన్ను తాను ప్రశ్నించుకొను సమయమే ఆ అవకాశము. అర్ధరాత్రి వేళ, ముప్పది మంది రోగుల నడుమ, డాక్టరు మరియొక వార్డులో నుండగా పుట్టెడి ప్రశ్న అది. దానికి సమాధానము వెంటనే దొరకవలెను. దొరకినది నిజమై యుండవలెను. ఈ రెండును ఒక్కచోట సమకూరుట సులభము కాదు.

ఆ సమాధానమును చెప్పుటకు ఒకప్పుడు పెద్ద నర్సు జ్ఞాపకశక్తియే ఆధారము. తరువాత చేతిపుస్తకములు వచ్చినవి. నేడు స్మార్ట్ ఫోనులో నొక్కిన తక్షణమే తెరచుకొను యాప్‌లు వచ్చినవి. ఒకటి కాదు, పదులకొలది యున్నవి. వానిలో దేనిని నమ్మవలెనన్నది నర్సులకే గాక, వారి చేతిలో ప్రాణములుంచు మనకందరకును సంబంధించిన విషయము. ఈ సాధనము ఎట్లు పుట్టి, ఎట్లు పెరిగి, ఏయే చోట్ల తప్పటడుగు వేసినదో తెలిసికొన్నచో, ఎన్నిక చేయు విధము కొంత తేటపడును.

ఆధునిక పరిచర్యకు పునాది వేసిన ఫ్లారెన్స్ నైటింగేల్ పరిచర్యనుగూర్చిన తన చిన్న పుస్తకమును 1859లో ప్రకటించినది. గాలి, వెలుతురు, శుభ్రత, ఆహారము, రోగిని శ్రద్ధతో గమనించుట - ఇవియే అందలి ముఖ్య విషయములు. మందుల మోతాదుల పట్టికలు అందులో లేవు. ఆ కాలమున మందు డాక్టరు సొత్తు. దానిని అందించుటయే నర్సు పని. మరుసటి యేడు, అనగా 1860లో, లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేర శిక్షణ పాఠశాల వెలసినది. పాఠశాలలు వెలసిన కొలదియు ఒక సంగతి స్పష్టమైనది: మందును ఎందుకిచ్చుచున్నదో, ఎంత యిచ్చిన విషమగునో ఎరుగని నర్సు, ఎంత శ్రద్ధ గలదైనను, రోగిని కాపాడలేదు.

ఈ లోటు తీర్చుటకు పూనుకొన్నది అమెరికా దేశపు నర్సు లవీనియా డాక్. నర్సుల కొరకే ప్రత్యేకముగా వ్రాసిన ఆమె ఔషధ విజ్ఞాన గ్రంథము 1890లో వెలువడినది. మందుల గుణములు, మోతాదులు, విషలక్షణములు, విరుగుడులు నర్సుకు వలసిన దృష్టితో చెప్పిన తొలి గ్రంథములలో అదియొకటి. మందును వ్రాయు డాక్టరుకు కావలసిన జ్ఞానము వేరు, దానిని రోగికి అందించి, తరువాత కనిపెట్టి చూచు నర్సుకు కావలసిన జ్ఞానము వేరు అను సత్యమును ఈ పుస్తకము స్థిరపరచినది. నేటి యాప్‌ల విషయమున గూడ ఈ భేదమే మొదటి గీటురాయి.

1899లో అమెరికాలోని మెర్క్ సంస్థ డాక్టర్ల కొరకు ఒక చేతిపుస్తకమును తెచ్చినది. 192 పుటలు, వెల ఒక డాలరు. మనిషికి జ్ఞాపకశక్తి నమ్మదగిన తోడు కాదు గనుక పుస్తకము జేబులో నుండవలెనన్నదే దాని ఉద్దేశము. ఆల్బర్ట్ ష్వైట్జర్ 1913లో ఆఫ్రికాలోని లాంబరీనీ అడవులకు పోవునప్పుడు దీని ప్రతిని వెంట గొనిపోయెననియు, 1929లో బర్డ్ దక్షిణధ్రువ యాత్రలో గూడ ఒక ప్రతి యుండెననియు చెప్పుదురు. డాక్టరు ఎంత దూరము పోయినను పుస్తకము వెంట పోవలెనన్న కోరిక అప్పటికే బలపడినది.

ఇంగ్లండులో యుద్ధము వేరొక ప్రయోజనమును సాధించినది. ఓడల రాకపోకలు స్తంభించి, మందులు కరవైన కాలమున, ఉన్నవానిని పొదుపుగా వాడుటకై 1941లో జాతీయ యుద్ధకాల ఫార్ములరీని ప్రకటించిరి. యుద్ధానంతరము 1949లో అదియే బ్రిటిష్ నేషనల్ ఫార్ములరీగా రూపొందినది. 1981 నుండి అది కొత్త వేషముతో ఏడాదికి రెండు సారులు వెలువడజొచ్చినది. 2005లో శిశువుల కొరకు ప్రత్యేక సంపుటము వచ్చినది. మన దేశములో స్వాతంత్ర్యానంతరము 1955లో ఇండియన్ ఫార్మకోపియా, 1960లో నేషనల్ ఫార్ములరీ ఆఫ్ ఇండియా తొలి కూర్పు వెలువడినవి. ఇవి ప్రజల పక్షమున నిపుణులు కూర్చిన పుస్తకములు.

అమెరికాలో 1947లో ప్రారంభమైన మరియొక పెద్ద మందుల గ్రంథము మార్గమే వేరు. అది డాక్టర్లకు ఉచితముగా చేరెడిది. అందులో తమ మందుల వివరములు చేర్చినందుకు తయారీదారులు రుసుము చెల్లించెడివారు. చదువువారు దమ్మిడీ యిచ్చుకొనలేదు. చదువబడువారే సొమ్ము ఇచ్చుకొనిరి. పుస్తకములోని సమాచారము అబద్ధమని దీని భావము కాదు. ఖర్చు ఎవరు భరించుచున్నారను ప్రశ్న మందుల గ్రంథముల చరిత్రలో ఆనాడే పుట్టినదని గ్రహించిన చాలును. అది నేటికిని సమసిపోలేదు.

కాగితపు పుస్తకమునకు మరి రెండు లోపములు గలవు. మందులు పెరిగిన కొలదియు పుస్తకము లావెక్కి, జేబును విడిచి బల్ల మీదికి, బల్ల విడిచి బీరువా లోనికి పోయినది. బీరువా తాళపుచెవి రాత్రివేళ ఎవరి యొద్ద నుండునో చెప్పనక్కరలేదు. రెండవది ఇంకను గొప్పది: అచ్చైన దినము నుండియే పుస్తకము ముసలిదగును. రోఫెకాక్సిబ్ అను కీళ్లనొప్పుల మందును చూడుడు. గుండెపోటునకు కారణమగుచున్నదని తేలినందున 2004 సెప్టెంబరు 30న దాని తయారీదారగు మెర్క్ సంస్థ ప్రపంచమంతటను దానిని ఉపసంహరించుకొనెను. మన దేశములోను అదే యేట నిషేధించిరి. కాని అంతకు ముందు అచ్చైన పుస్తకములన్నియు, బీరువాలలో కూర్చుండి, దానిని మంచి మందనియే చెప్పుచుండెను. పుస్తకము అబద్ధమాడలేదు, కాలము దానిని దాటిపోయినది.

ఈ రెండు లోపములకును ఒకే చికిత్స అరచేతి కంప్యూటరు రూపమున వచ్చినది. 1993లో ఆపిల్ సంస్థ న్యూటన్ అను పలకను విడుదల చేసినది. చేతివ్రాతను చదువగలదని చాటినను, అది వ్రాతను తప్పుగా చదివి నవ్వులపాలైనది. పెద్దది, వెలయు నెక్కువ. 1998లో దానిని నిలిపివేసిరి. ఈలోగా 1996లో పామ్ పైలట్ వచ్చినది. దాని రూపశిల్పి జెఫ్ హాకిన్స్ యంత్రమును తయారుచేయక మునుపే, అంత కొలత గల కొయ్యముక్కను చెక్కి, చొక్కా జేబులో పెట్టుకొని తిరిగెనట! ఎవరైన సమయము నిర్ణయింపుమన్నచో కొయ్యముక్కను తీసి, దానిపై వ్రాసికొనుచున్నట్లు నటించెడివాడు. జేబులో ఇముడునా, తీయుట సులభమా అన్నది మొదటి పరీక్ష, తక్కినవి తరువాత. నర్సు తెల్లని ఉడుపు జేబునకు ఈ పరీక్ష ఎంత తగినదో వేరుగా చెప్పవలెనా?

ఆ పైలట్ మొదటి రకములలో చిన్నదానికి జ్ఞాపకస్థానము 128 కిలోబైట్లు మాత్రమే. నేటి టెలిఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమైనను అందు పట్టదు. అయినను రెండు చిన్న బ్యాటరీలతో వారములకొలది పనిచేసెడిది. దానిని చిన్న తొట్టెవంటి పీటలో నిలిపి మీట నొక్కినచో, ఇంటి కంప్యూటరులోని కొత్త సమాచారము దానిలోనికి ప్రవహించెడిది. ఈ చివరి గుణమే మందుల పుస్తకము చరిత్రను మార్చినది. ముసలితనము నెరుగని పుస్తకము పుట్టుటకు అవకాశము కలిగినది.

ఆ అవకాశమును అందుకొన్నవారు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు వ్యాపారశాస్త్ర విద్యార్థులిద్దరు - జెఫ్ టాంగ్నీ, రిచర్డ్ ఫియెడొటిన్. వారు 1998లో స్థాపించిన సంస్థ ఎపోక్రటిస్. 1999లో వారి మందుల నిఘంటువు పామ్ యంత్రములకు వెలువడినది. మందు పేరు వ్రాసినచో మోతాదు, దుష్ఫలితములు, ఇతర ఔషధములతో పొసగనితనము క్షణములో కనబడెడిది. ఉచితముగా ఇచ్చుటచే డాక్టర్ల నడుమ త్వరలోనే వ్యాపించినది.

అదే 1999వ సంవత్సరము చివర అమెరికా వైద్యసంస్థ ఒక నివేదికను ప్రకటించి దేశమును కలచివేసినది. వైద్యశాలలలో జరుగు పొరపాట్లచే ఏటేట 44,000 మొదలు 98,000 మంది వరకు మరణించుచున్నారని అందు అంచనా వేసిరి. తప్పు చేయుట మానవ స్వభావము. కావున తప్పునకు చోటీయని యేర్పాట్లు చేయవలెనే గాని, చేసినవారిని దండించుటతో సమస్య తీరదని దాని సారాంశము. మందుల పొరపాట్లు అందు ముఖ్యస్థానము నాక్రమించినవి. ఒక వంక భయము, మరియొక వంక భయమునకు మందు అన్నట్లు జేబు కంప్యూటరు - రెండును ఒకే యేట వచ్చినందున, వైద్యలోకము ఈ చిన్న యంత్రమును ఆశతో చేతబట్టినది. 2000వ సంవత్సరము తరువాతి కొన్ని యేండ్లలో అమెరికాలోని పలు నర్సింగు పాఠశాలలు విద్యార్థులు పుస్తకములతో బాటు చేతి కంప్యూటరును గూడ కొనవలెనని నియమించినవి.

ఇచ్చట లవీనియా డాక్ చూపిన భేదము మరల పైకి వచ్చినది. తొలి యాప్‌లు డాక్టరును ఉద్దేశించి పుట్టినవి. ఏ మందు వ్రాయవలెను, ఎంత వ్రాయవలెను అను ప్రశ్నలకు అవి బదులు చెప్పెడివి. నర్సు ప్రశ్నలు అట్టివి కావు. ఈ పొడిని ఎంత నీటిలో కరిగింపవలెను? ఏ ద్రవముతో కలిపిన విరిగిపోవును? ఎన్ని నిమిషములలో ఎక్కింపవలెను? రోగి మాత్రను మ్రింగలేకున్నాడు, దీనిని నలుగగొట్టవచ్చునా? నెమ్మదిగా కరగునట్లు చేసిన మాత్రను నలుగగొట్టినచో దినమంతటి మోతాదు ఒక్కసారిగా శరీరములో పడును. డిజాక్సిన్ ఇచ్చుటకు ముందు నాడి చూడవలెనా? పెద్దలలో నిమిషమునకు అరువదికి తగ్గినచో ఆపి డాక్టరుకు తెలుపవలెనని నర్సులకు నేర్పుదురు. ఇంటికి పోవు రోగికి ఏమి బోధింపవలెను? ఇవన్నియు నర్సు ప్రశ్నలు. నర్సుల కొరకై కూర్చిన డేవిస్ మందుల మార్గదర్శి వంటి కాగితపు గ్రంథములు వీనికి సమాధానము చెప్పుచుండెను. అట్టి గ్రంథములు క్రమముగా చేతి యంత్రములలోనికి చేరిన పిమ్మటనే ఈ సాధనము నర్సులకు నిజముగా అక్కరకు వచ్చినది. కావున యాప్‌ను పరీక్షింపగోరు నర్సు పేరు ప్రతిష్ఠలను చూడనక్కరలేదు. తన వార్డులో ఆ వారము ఎదురైన అయిదు ప్రశ్నలను దానిని అడిగి చూచిన చాలును.

2007లో ఆపిల్ సంస్థ ఐఫోనును తెచ్చినది. 2008 జూలై 10న యాప్‌ల అంగడి తెరచుకొన్నది. మొదటి దినమున అందున్న సుమారు అయిదువందల యాప్‌లలో ఎపోక్రటిస్ ఒకటి. ఆ యేటి చివరనే ఆండ్రాయిడ్ ఫోనులును వచ్చినవి. 2009లో మెడ్‌స్కేప్ వచ్చినది. వేరుగా యంత్రము కొనవలసిన అవసరము తీరినది. అందరి చేతను ఉండెడి టెలిఫోనే మందుల పుస్తకమైనది. ఇక పామ్ సంస్థను 2010లో హెచ్.పి. సంస్థ కొనెను, 2011లో ఆ యంత్రముల తయారీని ఆపివేసెను. వానిపై సొమ్ము వెచ్చించి మందుల గ్రంథములు కొనుక్కొన్నవారి గతి యేమి? పుస్తకము పాతబడినను పుటలు తెరచుకొనును. యంత్రము పోయినచో గ్రంథమును దానితోనే పోవును. ఒకే రకపు ఫోనులో మాత్రము పనిచేయు యాప్‌ను నర్సింగు పాఠశాల మొత్తము కొనుటకు ముందు ఈ కథను గుర్తుంచుకొనవలెను.

టెలిఫోను చేతికి వచ్చుటతో యాప్‌లు తామరతంపరగా పెరిగినవి. అచ్చు పుస్తకమునకు సంపాదకుడు, ప్రచురణకర్త, పరిశీలకులు ఉందురు. యాప్‌ను ఎవడైనను ఒక గదిలో కూర్చుండి తయారుచేయవచ్చును. దాని ఫలితములు త్వరలోనే కనబడినవి. 2011లో ఫైజర్ వంటి పెద్ద సంస్థ గూడ కీళ్లవాతపు తీవ్రతను లెక్కగట్టు తన యాప్ తప్పు సంఖ్యలు చూపుచున్నదని బ్రిటన్ డాక్టర్లకు లేఖలు వ్రాసి, దానిని వాడవద్దని చెప్పవలసి వచ్చినది. 2015లో లండను ఇంపీరియల్ కళాశాల పరిశోధకులు ఇన్సులిన్ మోతాదును లెక్కించు 46 యాప్‌లను పరీక్షించిరి. అందు 31 తగని మోతాదును చూపు ప్రమాదము కలిగియున్నవి. తాము ఏ సూత్రము ననుసరించి లెక్కించుచున్నవో చెప్పినవి 14 మాత్రమే. అంకెలను సరిచూచు ఏర్పాటు లేనివి 42. కావలసిన అంకె ఒకటి నింపకపోయినను లెక్కగట్టి చూపినవి 27! ఇన్సులిన్ ఎక్కువైనచో రోగి స్పృహ కోల్పోవుననియు, ప్రాణాపాయము గూడ కలుగవచ్చుననియు గృహిణులకు సైతము తెలిసినదే. ఇట్టి యంత్రము ఆలోచనను తగ్గించుట లేదు. ఆలోచింపక తప్పు చేయుటను వేగవంతము చేయుచున్నది.

లెక్క విషయమున ఒక చిన్న ఉదాహరణ చాలును. ఎనిమిది గంటలలో 1000 మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కింపవలెననుకొందము. మిల్లీలీటరుకు 20 చుక్కలు రాల్చు గొట్టమైనచో నిమిషమునకు సుమారు 42 చుక్కలు. 15 చుక్కలు రాల్చునదైనచో 31. శిశువులకు వాడు 60 చుక్కల సన్నని గొట్టమైనచో 125. ఏ గొట్టము వాడుచున్నారో అడుగకయే చుక్కల సంఖ్య చెప్పు యాప్ ఎంత అందముగా నున్నను దూరముగా నుంచదగినది. తన లెక్కను విప్పి చూపు యాప్ నర్సును మరింత నేర్పరిని చేయును. దాచి చూపునది ఆమెను పరాధీనను చేయును.

ప్రభుత్వములు మేలుకొన్నవి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2013 సెప్టెంబరులో ఒక మార్గదర్శకమును ప్రకటించినది. కేవలము పుస్తకమువలె సమాచారము నిచ్చు యాప్ వేరు. రోగి శరీరమును కొలిచి, వైద్యపరికరముగా పనిచేయు యాప్ వేరు. రెండవ తెగపై తన నిఘా యుండునని తెలిపినది. 2016 డిసెంబరు నాటి శాసనములో మరియొక మంచి సూత్రము చేరినది. సలహా చెప్పు సాఫ్టువేరుకు నియంత్రణ నుండి మినహాయింపు కావలెనన్నచో, ఆ సలహాకు ఆధారమేమో వైద్యుడు స్వయముగా పరిశీలించుటకు వీలుండవలెను. శాసనకర్తలు చెప్పిన ఈ మాటను నర్సులు తమ ఇంటి సూత్రముగా చేసికొనవచ్చును: ఆధారము చూపని సలహాను గ్రహింపరాదు.

ఖర్చు ఎవరు భరించుచున్నారను పాత ప్రశ్న ఇచ్చట మరల తలయెత్తును. ఉచితముగా లభించు యాప్‌లలో కొన్ని ఔషధ సంస్థల ప్రకటనలతో నడచుచున్నవి. ప్రకటన ప్రకటనగా కనబడినంత వరకు పెద్ద చిక్కు లేదు. అది సలహా వేషమున వచ్చినప్పుడే అపాయము. 2020 జనవరిలో అమెరికాలో ఒక సంగతి బయటపడినది. రోగుల వివరములు వ్రాసికొను సాఫ్టువేరును డాక్టర్లకు అందించిన ప్రాక్టీస్ ఫ్యూజన్ అను సంస్థ, నల్లమందు జాతికి చెందిన నొప్పిమందుల తయారీదారు నుండి సొమ్ము పుచ్చుకొని, ఆ మందుల వాడుకను ప్రోత్సహించు హెచ్చరికలు డాక్టర్ల తెరలపై కనబడునట్లు చేసినదని తేలినది. పదునాలుగున్నర కోట్ల డాలర్లు చెల్లించి ఆ సంస్థ ప్రభుత్వముతో రాజీ చేసికొనెను. వెల యిచ్చి కొన్న యాప్ అంతయు మంచిదని గాని, ఉచితమైనదంతయు చెడ్డదని గాని చెప్పలేము. కాని సొమ్ము ఎచ్చటినుండి వచ్చుచున్నదో చెప్పని యాప్‌ను నమ్ముటకు కారణము లేదు.

మన దేశపు నర్సునకు ఇంకొక చిక్కు గలదు. ప్రసిద్ధ యాప్‌లు పెక్కు అమెరికాలోనో ఇంగ్లండులోనో పుట్టినవి. మనము పారసిటమాల్ అను మందును అమెరికావారు అసిటమినోఫెన్ అందురు. మన సాల్బుటమాల్ వారికి ఆల్బ్యుటరాల్. మన అడ్రినలిన్ వారికి ఎపినెఫ్రిన్. మన పెథిడిన్ వారికి మెపెరిడిన్. ప్రాణాపాయ సమయమున అడ్రినలిన్ అని వెదకి, "అట్టి మందు లేదు" అను బదులు వచ్చినచో ఎట్లుండును? కొలతలలోను ఇదే తేడా. రక్తములోని చక్కెరను మనమును అమెరికావారును మిల్లీగ్రాములలో చెప్పుదుము. ఇంగ్లండువారు మిల్లీమోలులలో చెప్పుదురు. మన 180 వారికి 10. మన ప్రాంతముల నుండి ఇంగ్లండుకో, అమెరికాకో ఉద్యోగమునకు పోవు తెలుగు నర్సులు అచ్చటి పేర్లను, కొలతలను క్రొత్తగా అలవరచుకొనవలసి యుండును. వారి యాప్‌ను గూడ ఆ దేశమునకు తగినట్లు మార్చుకొనవలసినదే.

చట్టములును దేశదేశమునకు మారును. నిమెసులైడ్ అను జ్వరపు మందును పండ్రెండేండ్లలోపు పిల్లల కీయరాదని మన ప్రభుత్వము 2011లో నిషేధించినది. ఆ మందు అమెరికాలో ఎన్నడును అమ్మకమునకు రాలేదు. కావున అచ్చటి యాప్‌లో దాని జాడయే యుండకపోవచ్చును. లేకపోవుటచే హెచ్చరికయు నుండదు. మన ఔషధములకు మన ఫార్ములరీయే గతి. గాజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దానిని ప్రకటించుచున్నది. ఆరవ కూర్పు 2021 నాటిది. మందులవలన కలిగిన దుష్ఫలితములను ఆ కమిషన్ నకు తెలుపు ఏర్పాటున్నది. తెలుపు హక్కు డాక్టర్లకే గాక నర్సులకును కలదు. పుస్తకమును చదువుటయే గాక, రేపటి పుస్తకమున చేరవలసిన హెచ్చరికను పంపుటయు నర్సు పనియే.

మన పల్లెలలోని ఏ.ఎన్.ఎమ్.ల సంగతి కొంత వేరు. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో వారి చేతికి టాబ్లెట్లు ఇచ్చి, అన్మోల్ అను యాప్‌ను ప్రవేశపెట్టిరి. గర్భిణుల, శిశువుల వివరములు వ్రాసికొనుట దాని ముఖ్య ప్రయోజనము. లెక్కలు పైకి పంపుటకు పరికరము వచ్చినది. సందేహము తీర్చుకొనుటకు పరికరము అంతే శ్రద్ధతో రావలెను. మందుల యాప్‌లు చాల భాగము ఆంగ్లముననే యున్నవి. సంకేతము అందని ఊళ్లు ఇంకను కలవు. కావున ఇంటర్నెట్టు లేకున్నను తెరచుకొనునా, సమాచారము ఫోనులోనే నిలిచియుండునా అన్నది మన ఉపకేంద్రమునకు తొలి ప్రశ్న కావలెను. ప్రసవవేదన సిగ్నలు వచ్చువరకు ఆగదు గదా!

ఇంత చెప్పిన పిమ్మట ఒక హద్దును గూడ చెప్పవలెను. 2006 సెప్టెంబరులో అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరమున ఒక వైద్యశాలలో నెలలు నిండని శిశువులకు హెపారిన్ అను మందు నిచ్చిరి. మిల్లీలీటరుకు 10 యూనిట్లు ఉండవలసిన సీసాల చోట 10,000 యూనిట్ల సీసాలను పొరపాటున ఉంచిరి. రెండు సీసాల చీట్లును నీలిరంగువే. నర్సులు గమనింపలేదు. వెయ్యి రెట్ల మందు ఆరుగురు శిశువులకు అందినది, ముగ్గురు మరణించిరి. మరుసటి యేడు లాస్ ఏంజిలిస్ నగరమున నటుడు డెన్నిస్ క్వెయిడ్ కవల పిల్లలకు ఇట్టి ప్రమాదమే కలిగినది. అదృష్టవశమున వారు బ్రతికిరి. ఆ వేళ నర్సుల జేబులో ఎంత గొప్ప యాప్ ఉన్నను ఏమి ప్రయోజనము? మోతాదు ఎంతయో వారికి తెలియును. చేతనున్న సీసా ఏదో చూడలేదు. సరియైన రోగి, సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన మార్గము, సరియైన సమయము అను అయిదు నియమములను యంత్రము జ్ఞాపకము చేయగలదు. సీసా మీది చీటీని చదువవలసినది మాత్రము కన్నులే.

ఈ చరిత్ర నుండి ఎన్నికకు వలసిన ప్రశ్నలు తమంత తామే తేలుచున్నవి. యాప్‌ను కూర్చినవారెవరు? కడపటిసారి సరిదిద్దినదెప్పుడు? నర్సు ప్రశ్నలకు బదులిచ్చునా, డాక్టరు ప్రశ్నలకు మాత్రమేనా? మన దేశపు పేర్లు, కొలతలు, నిషేధములు అందున్నవా? లెక్కను విప్పి చూపునా? ఇంటర్నెట్టు లేనప్పుడు పనిచేయునా? సొమ్ము ఎచ్చటినుండి వచ్చుచున్నది? ఈ ఏడు ప్రశ్నలకు తృప్తికరమైన బదులిచ్చు యాప్ ఒకటి దొరకిన చాలును. పది యాప్‌లతో ఫోను నింపుకొననక్కరలేదు. అంతకు మించి, ఈ ఎన్నిక భారమును జీతము చాలని ఒక్కొక్క నర్సు మీద మోపుట న్యాయము కాదు. వైద్యశాలయే తన ఔషధశాలవారిని, డాక్టర్లను, నర్సులను కూర్చుండబెట్టి, ఒకదానిని నిర్ణయించి, దాని వెలను తానే భరించి, అందరకును నేర్పవలెను. ఫోనును ఎప్పుడెప్పుడు తుడిచి శుభ్రపరచవలెనో గూడ ఆ నియమములలో చేర్చవలెను. ఏలయన రోగి మంచము నుండి మంచమునకు తిరుగు వస్తువులపై రోగక్రిములును తిరుగును.

ఇక రోగుల బంధువులమగు మన ధర్మమొకటి కలదు. వార్డులో నర్సు టెలిఫోను చూచుచుండగా, "పని మాని కబుర్లాడుచున్నది" అని అపోహపడుట పరిపాటి. ఆ నింద పడుదుమేమోయను భయముతో సందేహము గలిగినను ఫోను తీయని నర్సులును ఉండవచ్చును. సందేహము కలిగినప్పుడు ఆగి చూచుకొను నర్సు సమర్థురాలు. చూడక ముందుకు సాగునదే ప్రమాదకరము. నర్సు మందు గిన్నె పట్టుకొని ఒక్క నిమిషము తెర వైపు చూచినచో, మనము ఆ నిమిషము ఓపికతో నుండవలెను. "ఏమి మందమ్మా యిది, ఎందుకిచ్చుచున్నారు?" అని మర్యాదగా అడిగినచో మరియు మంచిది. ఆ ప్రశ్న నర్సునకు అవమానము కాదు. ఆమె పనికి మన వంతు సహాయము.